నంబరు లేని రాయి

బకెట్లో ముంచిన సానరాళ్ల నుంచి బుడగలు రావడం ఆగేదాకా అంజిలయ్య వాటిని ముట్టుకోడు. రాయి తాగాల్సినంత నీరు తాగాలి. దాహంతో ఉన్న రాయి ఉక్కును పీకుతుందని అతని నమ్మకం. చేవెళ్లలో రేకుల కప్పున్న తన కటింగ్ షాపు ముందు పీట వేసుకుని, మోకాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని బుడగల్నే చూస్తున్నాడు.

ఒక్కో రాయికి ఒక్కో నంబరు. వెయ్యి నంబరుది గరుకు. నాలుగు వేలు, ఎనిమిది వేలు, అలా నంబరు పెరిగేకొద్దీ నునుపు. పన్నెండు వేల రాయి మీద వేలు పెడితే ఏమీ తగలదు. మొయినాబాద్‌లో ఏసీ సెలూను నడిపే కొడుకు పరమేష్ వీటిని ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చాడు. అంతకుముందు యాభై ఏళ్లు అంజిలయ్యకు నంబర్ల అవసరం రాలేదు.

ఏడింటికి కనకమామిడి నుంచి ఫోనొచ్చింది. మల్లప్ప పటేల్ కోడలు శకుంతలమ్మ.

"అంజిలన్నా, మామ మూడు వారాల నుంచి గడ్డం గీయించుకోలె. మిషన్ పెడితే చెయ్యి నెట్టేస్తుండు. లేచినప్పటి నుంచి నిన్నే పిలువుమంటుండు. గని నాకు ఫికరైతున్నది. రక్తం పల్చగయ్యే గోలీలు వేస్తున్నం. గాటు పడితే రక్తం ఆగదన్నడు డాక్టరు. ఒక్క చుక్క రావద్దు."

"రాదమ్మా" అనేశాడు. ఫోను పెట్టేశాకే భయం వేసింది.

ఉస్తరా, ఆ పాతకాలపు మడత కత్తి, విప్పి చూశాడు. అది తండ్రిది. ఒకప్పుడు బొటనవేలంత వెడల్పుండేదట. నూరి నూరి ఇప్పుడు చిటికెన వేలంతయింది. అందరూ బ్లేడు కత్తికి మారాక ఈ ఉస్తరా మల్లప్ప ఒక్కడి కోసమే తెరుచుకుంటోంది. ఈ వానల్లో మూడు వారాలు మూసే ఉంది. తడిపిన గోటి మీద అంచును ఊరికే లాగాడు. పిడి దగ్గర్నుంచి జారుతూ వచ్చి ఒకచోట గుచ్చుకుంది. తుప్పు కొరికిన చోటు. కంటికి కనిపించదు, గోటికి తెలుస్తుంది.

పరమేష్ బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే తొంగి చూశాడు.

"ఆపరేషన్ చేస్తవా ఏంది బాపూ? బ్లేడ్ కత్తి తీస్కపో. ఐదు నిమిషాల పని."

"కొత్త బ్లేడుకు ముసలి తోలంటే లెక్కుండదురా."

"మరి పన్నెండు వేల రాయి ఎందుకు తెచ్చిచ్చిన? దాని మీద ఆపు. అంతకు మించిన పదును లేదు. మా కస్టమర్లు దాన్ని వీడియోలు తీస్కుంటరు."

"తీస్కుంటరు. గీయించుకోరు."

పరమేష్ నవ్వి, "జర పైలం. పెద్దోళ్ల ఇల్లు" అని వెళ్లిపోయాడు.

వెయ్యి రాయి మీద ఆ గుంట పది నిమిషాల్లో పోతుంది. కానీ అది ఉక్కును తింటుంది. మిగిలిందే అంత. అంజిలయ్య వెయ్యి రాయిని పక్కకు జరిపి నాలుగు వేలది ఒళ్లో పెట్టుకున్నాడు. కత్తి వెన్నూ అంచూ రెండూ రాతికి ఆనేలా పరిచి ముందుకు తోశాడు. చివర వెన్ను మీద తిప్పి వెనక్కి లాగాడు. ముందుకీ వెనక్కీ ఒకే బరువు. ఇద్దరు మనుషులు వచ్చి, చూసి, వెళ్లిపోయారు. అతను తలెత్తలేదు. ఆ గుంటను గోరు మరిచిపోయేసరికి ఎండ పీట మీదికి వచ్చింది.

తరవాత ఎనిమిది వేలు. తరవాత పన్నెండు వేలు.

కత్తిని ఎండకెత్తి, అంచును కళ్లకెదురుగా పెట్టుకుని చూశాడు. మొద్దు అంచు మీద వెలుగు సన్నని గీతలా నిలబడుతుంది. ఇప్పుడు నిలబడటం లేదు. ఉక్కు ఒక చోటిదాకా ఉంది, ఆ పైన గాలి ఉంది. రెంటికీ మధ్య ఏదీ లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ చోట అతని మనసు తడబడుతుంది. ఉన్నది లేనిదిగా మారే చోటును తన చేతులే చేశాయంటే నమ్మబుద్ధి కాదు.

అద్దం ముందుకు వెళ్లి తన మెడకు సబ్బు రాసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మెడ. అదీ సాగిందే, పరీక్షకు పనికొస్తుంది. ఒక్క గీత గీశాడు. ఏమీ తెలియలేదు, కత్తి తగిలినట్టే లేదు. తృప్తిగా కళ్లు మూయబోయి, తెల్లని నురగలో ఎర్రచుక్క లేవడం చూశాడు.

నొప్పి లేదు. చర్మానికి తెగినట్టు తెలియలేదు, చేతికి కోసినట్టు తెలియలేదు. గీసేటప్పుడు ఎప్పుడూ చర్మం కత్తితో ఏదో అంటుంది. ఇక్కడ మడత ఉంది, ఇక్కడ ఆగు అని. ఆ మాట ఉక్కు గుండా వేలిదాకా వస్తుంది. పన్నెండు వేల రాయి కత్తికి అంత పదును ఇచ్చి, చెవులు తీసేసింది.

పటిక అద్దుకుని, సొరుగు అడుగు నుంచి గుడ్డమూట తీశాడు. అందులో అరచేతిలో పట్టేంత రాయి, పాచి రంగులో. తండ్రిది. దానికి నంబరు లేదు, ఎక్కడిదో తండ్రి చెప్పలేదు. కొత్త రాళ్లు వచ్చాక దీన్ని తీయలేదు. కొడుకు నొచ్చుకుంటాడనా? కాదు. కొత్తదాన్ని వదిలి మళ్లీ దీన్నే పట్టుకుంటే, ఇన్నాళ్లు అందరూ అన్నట్టు తనకు కాలం తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని. ఇప్పుడు ఆ ఆలోచన చిన్నదిగా కనిపించింది. రాయి మీద కాస్త నురగ వేసి, కత్తి బరువు కూడా దాని మీద పడనంత తేలిగ్గా నడిపాడు. తోలుపట్టా మీద తిప్పి, మెడ రెండో పక్క గీసుకున్నాడు. చల్లగా, సన్నగా, కత్తి కదులుతున్న సంగతి తెలిసింది. నురగ తెల్లగానే ఉంది.

బస్సు దిగి పటేల్ ఇంటికి చేరేసరికి పన్నెండైంది. నలభై ఏళ్లుగా అతను వాకిట్లో అరుగు మీదే గీశాడు. గడప దాటి లోపలికి పోయింది లేదు. ఎవరూ రమ్మనలేదు, అతనూ లోపలికి తొంగి చూడలేదు. గడప బయట నిలబెట్టిన మనుషులే తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, గొంతు తన చేతికిచ్చేవారు. కుర్రతనంలో అది కోపం తెప్పించేది. ఎప్పుడో ఆ కోపం పోయి ఆశ్చర్యం మిగిలింది. ఇవాళ శకుంతలమ్మ "లోపలికి రా అన్నా, మంచం మీదనే ఉన్నడు" అంది. చెప్పులు విడిచి, కుడికాలో ఎడమకాలో తేల్చుకోలేక ఒక్క క్షణం ఆగి, దాటాడు.

మల్లప్ప దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం దూదిలా, దాని కింద ముఖం ఎముకల దాకా పీక్కుపోయి.

"వచ్చినవారా అంజిలిగా. చచ్చినంక వస్తవనుకున్న."

"అప్పుడు గూడ నేనే రావాలె గద పటేలా."

ముసలాయన గొంతులో నవ్వు గరగరలాడింది. "మెడకు గదేంది?"

"నేనే గీసుకున్న."

"నీ గొంతే గీసుకున్నోనికి నా గొంతిస్తున్ననా! ఏమే శకుంతలా, చూసినవా?"

"ఊకో మామా, దగ్గొస్తది" అంటూ ఆమె వేడినీళ్లు మంచం పక్కన పెట్టింది. అంజిలయ్య వైపు చూసి, ఒక వేలు చూపించింది. ఒక్క చుక్క కూడా రావద్దని. హాల్లో ఫోను మోగితే వెళ్లింది.

మల్లప్ప చెవి మిషను తనే పీకి, మంచం పక్కనున్న స్టీలు గిన్నెలో వేశాడు. "ఇగ నీ మాటలతోని పని లేదు" అని కళ్లు మూసుకున్నాడు.

అంజిలయ్య నురగ రాశాడు. బొటనవేలితో చెంపను పైకి సాగదీశాడు. చర్మం తడిసిన కాగితంలా వేలి వెంట వచ్చింది. కత్తి దిగింది. వెంట్రుక తెగే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. ప్రతి మడతా తనెక్కడుందో చెప్పింది. చెవి కింద, దవడ ఎముక మీద, పెదవి మూల. కుడిపక్క అయిపోయింది. గుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డ తెల్లగా ఉంది.

గొంతు కింద ఎడమపక్క రెండు వేళ్లు ఆన్చి చర్మాన్ని బిగించాడు. వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది. ఎన్ని వేల గొంతుల కింద విన్నాడు దీన్ని! పెళ్లికొడుకులది గుర్రంలా పరిగెత్తేది. మల్లప్పది నెమ్మదిగా, మధ్య మధ్య తప్పుతూ, మళ్లీ వస్తూ ఉంది. అతను దాని లయలో కత్తిని ఎత్తాడు. ఒకటి తప్పింది. ఆగాడు. మళ్లీ వచ్చింది. ఇంకొకటి తప్పింది. కత్తిని గాలిలోనే పట్టుకుని ఎదురుచూశాడు.

రాలేదు.

ముఖంలో ఏ మార్పూ లేదు. ఎడమచెంప మీద నురగ అలాగే ఉంది. అంజిలయ్య వేళ్లు తీయలేదు. పిలవాలని తెలుసు. పిలిస్తే మనుషులు వస్తారు, ఏడుస్తారు, ఎత్తుతారు. ఈ సగం గడ్డం అలాగే ఉండిపోతుంది. ఇక గాటు పడినా రక్తం చిమ్మదని కూడా తెలుసు. ఆ సంగతి చేతికి మాత్రం చెప్పలేదు. చర్మాన్ని అంతే మెల్లగా సాగదీసి, అంతే తేలిగ్గా కత్తిని దించాడు. ఇప్పుడు మడతలు ఏమీ అనడం లేదు. అయినా ప్రతి మడత దగ్గరా ఆగాడు. ఇంతటి నిశ్శబ్దం ముందు తను కూర్చుని ఉన్నాడని, దీన్ని మొదట తాకింది తన వేళ్లేనని తెలిసి అతని వెన్ను నిటారుగా అయింది.

గోరువెచ్చటి నీళ్లతో ముఖం తుడిచాడు. మల్లప్ప పెళ్లిచూపులకు తయారైనవాడిలా ఉన్నాడు.

శకుంతలమ్మ గుమ్మంలోంచే అడిగింది. "గాటు పడలే గద అన్నా?"

"పడలేదమ్మా." గుడ్డ విప్పి చూపించాడు. "పటేల్ పోయిండు."

ఆమె ముందు గుడ్డను చూసింది. తరవాత ముఖాన్ని. అలాగే గుమ్మం పట్టుకుని కిందికి కూర్చుంది. ఏడుపు రావడానికి కొంచెం టైం పట్టింది.

వాకిట్లోకి మనుషులు వస్తున్నారు. ఎవరో మంచం ఎటు తిప్పాలో చెబుతున్నారు. గోడకు ఆనుకుని నిలబడ్డ అంజిలయ్యకు అప్పుడు వినిపించింది, అందాకా కూస్తూనే ఉందేమో: స్టీలు గిన్నెలో, ఎవరూ ఆపని చెవి మిషను, సన్నగా, తెగకుండా.