బ్యాటరీ కూర్చున్న చోటు

మా పడవ ఎంత బుల్లిదంటే, ఇద్దరు మనుషులూ ఒక చేపల బుట్టా ఎక్కాక చీమకు కూడా చోటుండేది కాదు. ముందు మా ఆయన గాలంతో, చలికాలమైతే బాతుల కోసం తుపాకీతో కూర్చునేవారు. వెనక నేను తెడ్డు వేసేదాన్ని. అలికిడికి చేపలు బెదురుతాయని, ఎటు తిప్పాలో ఆయన నోటితో చెప్పకుండా పడవ అంచు మీద వేలితో మెల్లగా తట్టేవారు. ఒకసారి తడితే ఎడమకు, రెండుసార్లు తడితే కుడికి. ముప్ఫై ఏళ్లు అలాగే తిరిగాం.

ఆ ఏడు నా భుజం పట్టేసింది. మోటార్లు బాగుచేసే మా అల్లుడు పడవకు చిన్న కరెంటు మోటారు బిగించాడు. నీళ్ల బిందెంత బరువున్న బ్యాటరీ తెచ్చి సరిగ్గా నా చోట్లో పెట్టాడు.

"అత్తయ్యా, ఇక మీరు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

"తెడ్డు వేయలేనన్నాను గానీ, పడవ ఎక్కనన్నానా నాయనా?"

ఇద్దరూ వినిపించుకోలేదు. భుజం నొప్పి ఏపాటిది! నా చోటు పోయిందన్న బెంగతో రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోనాడు పొద్దున్నే ఆయన ఒక్కరే బయల్దేరారు. గట్టు మీద అల్లుడి పక్కన నిలబడి చూశాను. మోటారు, దాన్ని నడిపే మనిషి, బ్యాటరీ, అన్నీ వెనకే. ఇంకేముంది, గుర్రం ముంగాళ్లు లేపినట్టు పడవ ముక్కు గాల్లోకి లేచింది. గాలి ఎటు నెడితే అటు, గానుగెద్దులా గిరగిరా తిరిగింది.

ఎలాగో గట్టుకు చేరి, "ఏమే!" అని కేకేశారు.

నేను పలకలేదు.

"చెవుడొచ్చిందా ఏమిటి?"

"బ్యాటరీని పిలవండి, పలుకుతుందేమో."

అల్లుడు తల గోక్కుంటూ, "ముందు ఒక పెద్ద రాయి పెడితే సరిపోతుంది మామయ్యా" అన్నాడు.

"రాయెందుకయ్యా, మీ అత్తయ్య ఉందిగా."

"అంటే నేను రాయికి బదులా?"

"రాయి నాతో పోట్లాడదు కదే. నాకు పొద్దెలా పోతుంది?"

నవ్వాపుకున్నాను. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పడవ ముందువైపు ఎక్కి, వెనక్కి చెయ్యి చాపాను.

"గాలం ఇలా ఇవ్వండి. ముందు కూర్చున్నవాళ్లదే కదా."

ఆయన నన్ను చూశారు, గాలాన్ని చూశారు. కాసేపు గొణిగి, ఇచ్చారు.

ఆ తరవాత ఏడేళ్లు చేపలు నేనే పట్టాను.