ఆయిల్ మార్చిన ఆదివారం

మా మామ మాలకొండయ్య ఫోన్‌లో రెండే మాటలు చెప్పాడు.

"ఆదివారం వస్తా. బండి తీసుకపోతా."

నేను ఒక్క మాట చెప్పాను. "సరే మామా."

ఫోన్ పెట్టేశాక గాని, సోమవారం బడికి ఎలా వెళ్ళాలో ఆలోచించకుండానే ఒప్పుకున్నానని తెలియలేదు. నేను పనిచేసే ఊరు దుత్తలూరు అవతల ఉంది. మేముండే ఉదయగిరి నుంచి దానికి ఒకే బస్సు. అది రెండో పీరియడ్‌కు చేరుతుంది, వచ్చిన రోజున.

బండి నా భార్య రేణుకాదేవిది. ఆర్.సి. ఆమె పేరు మీదే ఉంది. మామ ఆత్మకూరు బస్టాండు వెనక నలభై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపిన మనిషి. పదిహేడేళ్ళ కిందట ఒక పాత బండి కొని, ఇంజన్ మొత్తం విప్పి, మళ్ళీ బిగించి కూతురికి ఇచ్చాడు. అప్పటినుంచి దాన్ని నడిపింది నేను, చూసుకున్నది ఆమె. రెండున్నర వేల కిలోమీటర్లకు ఒకసారి కొంగు బిగించి, వాకిట్లో గోనెసంచి పరిచి, పక్కకు ఒరిగి పడుకొని ఆయిల్ మార్చేది. నేను అరుగు మీద కూర్చొని జవాబు పత్రాలు దిద్దేవాణ్ణి.

ఏడు నెలల కిందట ఆమె పోయింది. ఆ తర్వాత ఆయిల్ ఎవరూ మార్చలేదు.

ఆదివారం తొమ్మిదింటి బస్సు దిగి మామ వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. కర్మాంతరం తర్వాత మా వాకిట్లో అడుగు పెట్టడం అదే. నేనిచ్చిన మంచినీళ్ళు అరుగు మీద పెట్టేసి, నేరుగా బండి దగ్గరికి వెళ్ళాడు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి, కొనకు అంటినదాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఏందప్పా ఇది, ఆయిలా, కాటుకా?"

"మార్చలేదు మామా."

"మార్చలేదని కనపడతానే ఉండాది. పదిహేడేళ్ళు నా కూతురు నీ ముందరే మార్చింది గదా. నువ్వేం జేస్తా ఉండినావు?"

"పేపర్లు దిద్దుతూ ఉన్నాను."

"దానికేమన్నా మార్కులేసినావా?"

మామ సంచిలోంచి కొత్త ఆయిల్ డబ్బా, చిన్న అట్టపెట్టెలో ఫిల్టరు తీసి అరుగు మీద పెట్టాడు. నేను మార్చి ఉండనని ఆత్మకూరులోనే ఆయనకు తెలుసన్నమాట.

"నా చేతులు వణకతా ఉండాయి. నువ్వే మార్చు. నేను నోరు తెరవను. ఒక్కసారికి సరిగ్గా మార్చినావంటే బండి నీ దగ్గరే ఉంటాది. తప్పు జేసినావా, తాళం నా చేతిలో పెట్టు."

"సరే మామా."

"ఆ మాటొకటి బాగా నేర్చినావు" అని ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా పరీక్షలు పెడుతున్నవాణ్ణి. రాసేవాడికి అరచేతుల్లో చెమట పడుతుందన్న సంగతి మరిచిపోయాను.

మా వీధిలో పరీక్షలు ఏకాంతంగా జరగవు. ఎదురింటి సుబ్బరత్నమ్మ చీపురు పట్టుకొని, అప్పటికే ఊడ్చిన వాకిలిని మళ్ళీ ఊడవడానికి వచ్చింది.

"ఏంది సార్, ఆడోళ్ళ పని మీరు జేస్తా ఉండారే?"

ఇదే సుబ్బరత్నమ్మ రేణుకను "మగోళ్ళ పని నీకెందుకమ్మే" అని అడుగుతుండేది. ఈ మధ్యలో ఆ పని ఎప్పుడు అటు నుంచి ఇటు మారిందో నేను గమనించలేదు.

ఆమె వెనకే కాఫీ గ్లాసుతో సురేంద్రబాబు గారు వచ్చారు. ఆయన మా ఇంటి యజమాని. వీధికి కూడా కొంత యజమానే. ఎవరు ఏ పని తలపెట్టినా ముందు ఆయన సలహా తీసుకోవడం ఇక్కడ మర్యాద. బోరు ఎక్కడ వేయాలో, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలో, జ్వరానికి ఏ మాత్ర మింగాలో ఆయన చెబుతారు. ఆయన చూపించిన చోట మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోది వేయించినవాడు కూడా ముందు ఆయన్నే అడిగాడు. బండ్ల విషయంలో ఆయన మాటకు ఇంకా బరువెక్కువ, ఎందుకంటే ఆయనకు బుల్లెట్ ఉంది. దాని పెట్రోలు మూత కూడా బంకులో వాళ్ళే తీస్తారు.

"ఏంది సార్, ఇంత సాహసం?" అంటూ రెండో కుర్చీలో కూర్చున్నారు. "నాకొక మాట చెప్పుంటే మనిషిని పంపిచ్చేవాణ్ణి గదా. సరే, నేనుండా. భయపడొద్దు."

అప్పటికే నేను ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపాను. వేడెక్కితే ఆయిల్ పలచబడి పూర్తిగా దిగుతుందని రేణుక అలా చేసేది.

"ఇంజన్ వేడి చేసినారా? రామ రామ. చల్లగుండాల సార్, చల్లగుండాల."

"పొరపాటైంది" అన్నాను. మామ నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

గోనెసంచి మీద పడుకున్నాను. పాత బేసిన్ ఇంజన్ కిందికి జరిపి, అడుగున ఉన్న బోల్టుకు పానా తగిలించాను.

"కుడికి తిప్పండి సార్."

కుడికి తిప్పితే బిగుస్తుందని నాకు తెలుసు. అయినా తిప్పాను. బిగిసింది.

"బలంగా తిప్పాల. తిండి తినలేదా ఏంది?"

ఆయన కాఫీ గుక్క తాగడానికి గ్లాసు ఎత్తినప్పుడు ఎడమకు తిప్పాను. బోల్టు వదులైంది. నల్లటి ఆయిల్ నా వేలు కాలుస్తూ బేసిన్‌లో పడింది.

"చూసినారా? కుడికి తిప్పితే వచ్చింది."

"బాబు చేతికి ఎప్పుడన్నా నూనె అంటిందా?" అని మామ అడిగాడు.

"మనం చెప్పేవాళ్ళం పెద్దాయనా. అంటించుకునేవాళ్ళు వేరే ఉంటారు."

"అవునవును. వేరే ఉంటారు" అన్నాడు మామ. కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు.

ఆయిల్ చివరి చుక్కదాకా దిగాక బోల్టుకు ఫిల్టరు పెట్టెలో వచ్చిన కొత్త వాషరు వేసి బిగించాను. తర్వాత ఇంజన్ పక్కనున్న చిన్న గుండ్రటి మూతకు మూడు బోల్టులు తీశాను. లోపల పాత ఫిల్టరు ఉంది. అరచేతిలో పట్టేంత కాగితపు గొట్టం. ఒక కొసన రంధ్రం, ఇంకో కొసన చదునైన రేకు. రేకు నా వైపు ఉంది, రంధ్రం లోపలికి ఉంది. దాన్ని అలా పెట్టింది రేణుక; తిరగబడితే ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుందనేది. పెట్టేటప్పుడు రేకు మీద బొటనవేలు ఆనించి, ఒక్క నొక్కు నొక్కేది. ఎన్నిసార్లు చూశానో. పత్రాలు దిద్దుతున్నా కళ్ళు ఉంటాయి కదా.

పాతది తీసి పక్కన పెట్టాను. కొత్తదాన్ని, రంధ్రం లోపలికి ఉండేలా పట్టుకున్నాను.

"ఆగండాగండి" అన్నారు సురేంద్రబాబు గారు. "తలకిందులుగా పెడతా ఉండారు. బొక్క బయటికి రావాల."

"పాతది ఇలాగే ఉంది."

"పాతది తప్పుగా ఉండాది. అందుకే గదా ఆయిల్ అంత నల్లగైంది. దానికి గాలాడద్దా సార్? మా బుల్లెట్‌లో అట్నే ఉంటాది. ఏం పెద్దాయనా?"

మామ నోరు తెరవనని ముందే చెప్పాడు. కాళ్ళు ఊపడం మాత్రం ఆపాడు.

నా చేతిలో కొత్త ఫిల్టరు. నా మోకాలి పక్కన పాత ఫిల్టరు. నలభై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి ఒక కుర్చీలో, బుల్లెట్ ఉన్న మనిషి ఇంకో కుర్చీలో. చిన్న పిల్లవాణ్ణి అడిగినా ఏం చేయాలో చెబుతాడు. నేను ఫిల్టరును తిప్పి, రంధ్రం బయటికి పెట్టి, మూత వేసి, మూడు బోల్టులు బిగించాను. "ఇప్పుడు సరిపోయింది" అని కూడా అన్నాను. ఆ మాట అనమని ఎవరూ అడగలేదు.

డబ్బాలోంచి కొత్త ఆయిల్ పోశాను. కొద్దిగా మిగిలింది. తాళం పెట్టి తిప్పాను. మామ లేచి, కుర్చీని కొండ వైపు తిప్పుకొని కూర్చున్నాడు.

కిక్ మీద కాలు పెట్టి ఆగాను.

"కొట్టండి సార్" అన్నారు సురేంద్రబాబు గారు. "ఏం కాదు."

ఏం కాదు.

ఆ మాట ఆయన నోట ఇంతకు ముందొకసారి విన్నాను. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. రేణుక గిన్నెలు కడుగుతూ, గుండెలో బరువుగా ఉందని, ఎడమ చెయ్యి లాగుతోందని కూర్చుండిపోయింది. నేను ఆటో కోసం బయటికి వచ్చాను. సురేంద్రబాబు గారు ఎదురై, ఎక్కడికని అడిగారు. చెప్పాను. "గ్యాసు సార్. మా ఇంట్లో నెలకు రెండుసార్లు వస్తాది. సోడా తాపండి, ఏం కాదు" అన్నారు. నాకు అది గ్యాసులా అనిపించలేదు. ఆమె నుదుటి మీద చెమట నేను చూసి వచ్చాను. అయినా, పెద్దమనిషి వద్దన్నాక ఆయన కళ్ళ ముందే ఆటో ఎక్కడం బాగుండదనుకున్నాను. సోడా తెచ్చాను. మూడున్నరకు ఆటో పిలిచాను. ఆత్మకూరు ఆసుపత్రి ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా నా భుజం మీద ఆమె తల బరువైంది.

మామకు ఈ సంగతి నేనే చెప్పాను. దాచలేదు. కర్మాంతరం రోజు సురేంద్రబాబు గారు అందరికంటే ముందొచ్చి "అంతా రాత సార్" అన్నప్పుడు నేను తలూపడం కూడా మామ చూశాడు.

కిక్ మీద నుంచి కాలు తీశాను. తాళం కూడా తీసి, మళ్ళీ బండి పక్కన కూర్చొని మూతకు పానా తగిలించాను.

"ఏంది సార్, ఏమైంది?"

"ఫిల్టరు తిరగేసి పెట్టాను. మళ్ళీ తీస్తున్నాను."

"నేను చెప్పినట్టే గదా పెట్టినారు?"

"అవును. మీరు చెప్పింది తప్పు."

సుబ్బరత్నమ్మ చీపురు ఆగింది. సురేంద్రబాబు గారు నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ముగించాలో ఆయనకు తెలిసినట్టు లేదు.

"ఏంది సార్, పిల్లకాయలకు చెప్పినట్టు చెప్తా ఉండారే."

"పిల్లలు తప్పు చెబితే కనీసం అనుమానంగా చెబుతారండీ" అన్నాను. గొంతు పెంచలేదు. "ఆ రోజు గ్యాసు కూడా కాదు. మీరు చెప్పారు, నేను విన్నాను. చెప్పడం మీకు అలవాటు. వినడం నా తప్పు."

ఆయన గ్లాసులోకి చూశారు. అందులో కాఫీ అయిపోయి చాలాసేపైంది.

"నేనన్నది బుల్లెట్ సంగతి సార్. మీది చిన్న బండి. దాని లెక్క వేరే" అని లేచి, కుర్చీని సరిగ్గా సర్ది మరీ వెళ్ళారు. ఫిల్టరు తిరగబడిన సంగతి కనిపెట్టింది తానేనని ఆయన సాయంత్రానికల్లా బస్టాండులో చెబుతారు. నమ్మేవాళ్ళు ఉంటారు. నిన్నటిదాకా నేనూ నమ్మేవాణ్ణి.

మూత తీయగానే కొత్త ఆయిల్ కొంత గోనెసంచి మీదికి కారింది. ఫిల్టరును తిప్పి, రంధ్రం లోపలికి పెట్టి, రేకు మీద బొటనవేలితో నొక్కాను. మూత బిగించాను. డబ్బాలో మిగిలింది పోశాను. కొలిచి చూస్తే రెండు గీతల మధ్యకు వచ్చింది. రెండో కిక్కుకు ఇంజన్ అందుకుంది.

మామ కుర్చీ ఇటు తిప్పుకొని, తల ఒక పక్కకు వంచి, చాలాసేపు చప్పుడు విన్నాడు. కిందికి వంగి బోల్టు దగ్గర వేలు పెట్టి చూశాడు. తడి లేదు.

"నేను కిక్ కొట్టి ఉంటే ఆపేవాడివా మామా?" అని అడిగాను.

"ఏమో. నా కూతురి బండి గాబట్టి ఆపుంటానేమో. నీ కోసమైతే ఆపను."

ఇంజన్ ఆపాను. చేతులకు అంటిన ఆయిల్ గుడ్డతో తుడుచుకున్నాను.

"ఈ నోరు ఆ పొద్దు యాడికి పోయిందిరా?" అన్నాడు మామ.

ఆయన అడగడం అదే మొదటిసారి. ఏడు నెలలుగా నేను ఎదురుచూసిన ప్రశ్నే. తెలియదనే చెప్పాను.

మామ కండువాతో మొహం తుడుచుకొని, చెయ్యి చాపాడు.

"ఒక్కసారికి జెయ్యమన్నా. రెండుసార్లు జేసినావు. తాళం తే."

న్యాయమైన మాట. నా దగ్గర చదివే పిల్లలకైనా నేను అలాగే చెప్పేవాణ్ణి. తాళం తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఇవ్వను మామా."

"ఏందీ?"

"ఇవ్వను. బండి ఇక్కడే ఉంటుంది. ఇకమీదట ఆయిల్ నేనే మారుస్తాను. నువ్వొచ్చి చూస్తే సంతోషం. రాకపోయినా మారుస్తాను."

"ఫోన్‌లో సరే మామా అన్నావు గదరా!"

"అన్నాను. అనకుండా ఉండాల్సింది."

ఆయన చెయ్యి చాపినట్టే కొంతసేపు ఉంది. తర్వాత ఆ చేత్తోనే పొద్దున నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు అందుకొని సగం తాగాడు.

"కూతురు పోయినాక నోరొచ్చింది మా అల్లుడికి" అన్నాడు, సుబ్బరత్నమ్మకు వినబడేలాగే. "ఇంకొంచెం ముందర రాగూడదా అంటే, ఎవుర్ని అడగాల?" ఖాళీ డబ్బానూ, పాత ఫిల్టరునూ గుడ్డసంచిలో వేసుకున్నాడు. "బస్సు పోయుంటాది. ఆత్మకూరు దాకా దింపు."

ఆయన నా వెనక కూర్చున్నాడు. ఊరు దాటి రోడ్డెక్కాక నా చెవి దగ్గరికి వంగాడు.

"మూడో గేరెయ్యప్పా. ఇంజన్ ఏడస్తా ఉండాది."

బండి మూడో గేరులోనే ఉంది. ఆ మాటే చెప్పాను.