ఉప్పు చూడని వంట

శివరాత్రి మరునాడు పొద్దున సుచిత్ర మా ఇంటికి వచ్చింది. వెంట భర్త ఓంప్రకాశ్ ఉన్నాడు. నడుం పట్టీ సర్దుకుంటూ, గోడ ఆసరాతో మెల్లగా కూర్చున్నాడు. భీవండీలో పదేళ్ళు పవర్‌లూమ్ ముందు నిలబడితే ఆ నడుం అట్లా అయింది. మరుసటి రోజు సాయంత్రం సుచిత్ర కువైట్ విమానం ఎక్కాలి, ఒక ఇంట్లో పనికి. ఆమె దిగేనాటికి అక్కడ రంజాన్ మొదలవుతుంది.

నేను కువైట్‌లో పదహారేళ్ళు ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్‌కీపర్‌గా పనిచేశాను. నా భార్య జబ్బు పడితే తిరిగి వచ్చేశాను. ఆమె పోయి రెండేళ్ళు. సిద్దిపేటలో మా వాడ నుంచి గల్ఫ్‌కు ఎవరు పోతున్నా ముందు నా దగ్గరికి వస్తారు. చెప్పిందే చెప్పి అలసిపోయాను. ఆ రోజు మరీ అలసటగా ఉంది, మోకాలి నొప్పికి రాత్రంతా కన్ను మూతపడలేదు. అయినా ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చి మొదలుపెట్టాను.

"మన ఒక్కపొద్దు లెక్కనేనా కాకా?" అని అడిగింది సుచిత్ర.

"కాదు బిడ్డా. మన ఒక్కపొద్దుల చాయ్ తాగుతం, అరటిపండు తింటం. గాడ తెల్లారకముందు నుంచి పొద్దు గూకేదాక మంచినీళ్ళు గూడ ముట్టరు."

"మంచినీళ్ళు గూడనా!"

"నేనున్నప్పుడు గా ఎండలల్ల గూడ ముట్టకపోయేది."

మనం ఉపవాసం ఉండనక్కరలేదని, కానీ రోడ్డు మీద, బస్సులో, దుకాణంలో నలుగురికీ కనబడేలా తినడం, తాగడం చేస్తే పోలీసు కేసు అవుతుందని చెప్పాను. చూయింగ్ గమ్ కూడా నమలొద్దు. ఒళ్ళు నిండా వదులు బట్టలు వేసుకోవాలి. ఫోన్‌లో పాటలు గట్టిగా పెట్టొద్దు. పొద్దు గూకే ముందు అరగంట రోడ్డు దాటొద్దు, ఆ వేళకు కార్లన్నీ ఇంటికి పరుగెత్తుతుంటాయి. ఎవరైనా పిలిచి ఖర్జూరం చేతిలో పెడితే కాదనకుండా కుడిచేత్తో తీసుకోవాలి. ఏదైనా అడగాలనుకుంటే సాయంత్రం అడగొద్దు, ఆకలి మీద ఉన్న మనిషికి అన్నీ తప్పుగానే వినిపిస్తాయి.

"మరి ఇంట్ల ఎట్ల కాకా?"

మా క్యాంపులో మాకు వేరే గది ఉండేది. తలుపు వేసుకొని తినేవాళ్ళం. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఎట్లా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. తెలియదని చెప్పి ఉండాల్సింది.

"ఇంట్ల గూడ జాగ్రత్తనే బిడ్డా. పొద్దు గూకేదాక నోట్లె ఏం ఏసుకోకపోతే ఏ రందీ ఉండదు," అన్నాను. అట్లా చెబితే మాట తొందరగా అయిపోతుందని అన్నాను.

ఓంప్రకాశ్ నవ్వాడు. "దీనికి అలవాటే కాకా. సోమారం సోమారం నోట్లె ఏం ఎయ్యది. నా మీద ఒర్లుడు మాత్రం ఆపది."

"నువ్వు సప్పుడు జెయ్యక చాయ్ తాగు," అంది సుచిత్ర.

పోయేముందు ఇద్దరి గ్లాసులూ, నాదీ కడిగి బోర్లించింది. వద్దన్నా వినలేదు.

*

పన్నెండో ఉపవాసం రోజు పొద్దున తొమ్మిదింటికి ఆమె ఫోన్ వచ్చింది. అక్కడ ఆరున్నర. ఇంట్లో అందరూ పడుకొని ఉంటారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"కాకా, బేస్తారం నన్ను ఆఫీసుకు తోలుతరట."

ఆఫీసు అంటే పనిమనుషులను ఇళ్ళకు కుదిర్చే చోటు. ఒక ఇల్లు వద్దన్న ఆడవాళ్ళను అక్కడ ఒకే గదిలో ఉంచుతారు. తర్వాత ఎవరు అడిగితే వాళ్ళింటికి పంపుతారు. ఆ ఇల్లు ఎట్లాంటిదో, ఆ ఇంట్లో మగవాళ్ళు ఎట్లాంటివాళ్ళో ముందు ఎవరూ చెప్పరు.

"ఈ ఇంట్ల నాకు లోపట గడియ ఉన్న అర్ర ఇచ్చిన్రు కాకా. ఇంటి ముసలామె సలి పెడ్తదని దుప్పటి తెచ్చిచ్చింది. ఇసొంటి ఇల్లు మల్ల దొరుకుతదా?"

"ఏమైంది బిడ్డా? ఏడ్వకుండ చెప్పు."

చెప్పింది. ఆ ఇంట్లో వంటంతా ఒక శ్రీలంక ఆమె చేసేది. సెలవు మీద ఆమె ఊరికి పోయింది. మొన్న ఆదివారం ఇరవై మంది చుట్టాలు ఉపవాసం విడవడానికి వచ్చారు. ఇంటావిడ ఉమ్ ఫహద్ దగ్గరుండి చూపించింది, సుచిత్ర వండింది. పప్పు చారు, గోధుమలూ మాంసమూ కలిపి గంటలకొద్దీ ఉడికించే హరీసు.

"మసాలా బిళ్ళలు ఉంటయి కాకా, అవి ఏసిన. అండ్ల ఉప్పు ఉంటదని నాకు తెల్వది. మల్ల ఉప్పు గూడ ఏసిన."

"ఉప్పు చూడలేదా?"

"ఎట్ల చూస్త కాకా?" ఏడుపు కూడా ఆపేసి అడిగింది. "వాళ్ళు పొద్దటి సంది నోట్లె నీళ్ళు వోసుకోకుండ ఉన్నరు. వాళ్ళు ముట్టకముందు నేను ఎంగిలి జేస్తనా? మా అత్త బోనం వండినప్పుడు ఉప్పు చూడనిస్తదా? నోట్లె ఏం ఏసుకోవద్దని మీరు గూడ చెప్తిరి గద."

చెప్పాను.

ఖర్జూరం తిన్నాక ఇంటి పెద్దాయన మొదటి చెంచా చారు నోట్లో పెట్టుకొని, చెంచా కింద పెట్టేశాడట. ఉమ్ ఫహద్ వంటింట్లోకి వచ్చి, నాలుక చూపించి, రుచి చూశావా అని సైగ చేసింది. సుచిత్ర లెంపలు వేసుకొని "లా, లా" అంది, లేదు లేదని.

"నేను గంత నిష్ఠగ ఉన్ననని మెచ్చుకుంటదనుకున్న కాకా. ముందు రోజు గ్లాసు పలిగిందని తిట్టింది. నేను అది మనసుల పెట్టుకొని కావాల్నని ఉప్పు ఎక్కువ ఏసిన్నట."

నాకు ఇంకో అనుమానం వచ్చింది. "నువ్వు ఏం తింటున్నవు?"

"నేను గూడ ఉపాసముంటున్న. తెల్లారగట్ల వాళ్ళు తినేటప్పుడు నేను గిన్నెలు తోముత. పొద్దు గూకినంక వాళ్ళందరు తిన్నంక తింట."

అంటే పన్నెండు రోజులుగా ఒక్కపూట తిండి. అదీ చాకిరీ చేస్తూ. నేను తొందరగా ముగిద్దామని అన్న ఒక్క మాటకు. మధ్యాహ్నం నేనే ఉమ్ ఫహద్‌తో మాట్లాడతానని చెప్పాను.

"మాట్లాడున్రి కాకా. కని ఎంగిలి జేసుడు మాత్రం నాతోని కాదు," అని ఫోన్ పెట్టేసింది.

*

ఓంప్రకాశ్ వాళ్ళ ఇంటికి నడుచుకుంటూ పోయాను. దారిలో ఒక ఆటో అతను నా నడక చూసి, ఏమీ అడగకుండానే ఎక్కించుకొని వాళ్ళ గల్లీ మొగదల దింపాడు. మగ్గం గుంత మీద చెక్కలు పరిచి, దాని మీద ఓంప్రకాశ్ మంచం వేశారు. వాళ్ళమ్మ కౌసల్యమ్మ గడప దగ్గర కూర్చొని ఉంది. సంగతి విన్నాక నన్ను తేరిపార చూసింది.

"ఏం తమ్మీ, పదహారేండ్లు గాడ ఉంటివి. గంత సదువు సదివితివి. ఉప్పు సంగతి చెప్పకపోతివి?"

"వంట సంగతి నాకేం ఎర్క అక్కా."

"ఎట్ల ఎర్కైతది? కూర కంచంలకు వచ్చినంకనే గద మీ మొగోళ్ళకు కనవడేది."

ఆమె మంచినీళ్ళ చెంబు నా ముందు పెట్టి మళ్ళీ అందుకుంది. "అయినా నా కోడలు చేసిన తప్పేంది? నేనే నేర్పిన. పొద్దంత నోరు కట్టుకున్నోళ్ళకు ఎంగిలి కూడు పెడ్తదా?"

"అవ్వా, నీ సుద్దులు ఇని అది ఏ కొంపల పడ్తదో," అన్నాడు ఓంప్రకాశ్.

"నువ్వు పండుకోరా."

"అక్కా, వాళ్ళకు అది ఎంగిలి కాదు," అన్నాను. "వండేటోళ్ళు చూడాలనే అనుకుంటరు. వాళ్ళు ఉపాసమున్నప్పుడు, ఉపాసం లేని మనిషి వంటింట్ల ఉంటే వాళ్ళకు అదే ఆసరా. నేను మాట్లాడితె ఆ ఇంటామె ఊకుంటదేమో. కని రేపటి సంది సుచిత్ర ఉప్పు చూడకపోతె మల్ల గదే కత గద."

కౌసల్యమ్మ గడప మీద వేలితో గీతలు గీసింది. తర్వాత తనలో తాను అన్నట్టు అంది. "గంటె నోట్లె పెట్టి మల్ల గిన్నెల పెడితె గద ఎంగిలి. పెండ్లిళ్ళల్ల వంటోళ్ళు అరచేతిల రెండు సుక్కలు వోసుకుంటరు, నాలికెకు తాకిచ్చుకుంటరు, చెయ్యి కడుక్కుంటరు. గంటెకు నోరు తాకనే తాకది."

"గది సుచిత్రకు తెల్వదా?"

"తెల్వకేం. బోనమప్పుడు గది గూడ ఒద్దన్న. ఒద్దంటె ఒద్దే అనుకున్నది పిచ్చిది."

మూడింటికి అక్కడి నుంచే, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. అక్కడ పన్నెండున్నర. మధ్యాహ్నం నమాజు అయి, ఆకలి ఇంకా ముదరని వేళ అది. సుచిత్ర ఎత్తి ఇచ్చినట్టుంది, "ఎవరు?" అని ఉమ్ ఫహద్ గొంతు వినిపించింది.

నా అరబీ అంతా సిమెంటు, సలాకలు, మేకులు. ఎంగిలి అన్న మాటకు అరబీలో ఏమనాలో నాకు తెలియదు. రంజాన్ ముబారక్ చెప్పి, మా దగ్గర దేవుడి కోసం వండింది దేవుడికి పెట్టేదాకా వండినవాళ్ళు రుచి చూడరని, మీ ఉపవాసపు వంటను సుచిత్ర అట్లాగే అనుకుందని, వచ్చిన మాటలతో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

చివరికి ఉమ్ ఫహద్ అడిగింది.

"అంటే నా మీద కోపంతో కాదా?"

"కాదమ్మా. పన్నెండు రోజులుగా పగలు తను కూడా ఏమీ తినడం లేదు."

"ఎవరు చెప్పారు తినొద్దని?"

"నేను."

"నువ్వు వంటవాడివా?"

"స్టోర్‌కీపర్‌ని. మేకులు, పైపులు."

"అయితే మేకుల గురించి చెప్పాల్సింది," అంది. కోపంగానే అంది. తర్వాత గొంతు తగ్గింది. "పన్నెండు రోజులా? ఇదే ఇంట్లో తిరుగుతున్నాను, నేను ఒక్కనాడూ అడగలేదు." మళ్ళీ ఆగి అంది. "గురువారం పంపను. పండుగ దాకా చూస్తాను. తర్వాతి మాట తర్వాత."

పండుగ దాకా అంటే ఇంకా పద్దెనిమిది రోజులు. అదే చాలనిపించింది. ఆమె సుచిత్రను పిలిచి ఫోన్ ఇచ్చింది. నేను మాట్లాడేలోపే కౌసల్యమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఇగో పిల్లా, అరచేతిల వోసుకొని చూడు. గంటె నోటికి తాకియ్యకు. నేను చెప్తున్న, పాపముంటె నాకు తాకని. ఏం పొయ్యి మీదున్నది ఇప్పుడు?"

"పప్పు చారు అత్తా."

"చూడు."

గిన్నె మూత తీసిన చప్పుడైంది. ఓంప్రకాశ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. నల్లా నీళ్ళు పడి ఆగాయి. తర్వాత సుచిత్ర మాతో కాదు, అక్కడి పనివాళ్ళు ఇంటావిడను పిలిచినట్టే పిలిచి, పక్కనున్న ఆవిడతో అంది. "మామా, మిల్హ్ గలీల్."

"ఏమన్నది?" అని నన్ను గిల్లింది కౌసల్యమ్మ.

"ఉప్పు తక్కువైందట."

"మల్ల ఎక్కువైతదన్న బుగులుకు ఏసి ఉండది."

ఉమ్ ఫహద్ ఏదో గబగబా అంది. సుచిత్ర నన్ను అడిగింది. "కాకా, ఏమంటుంది?"

"ఉప్పు తను ఏసుకుంటదట. నిన్ను పోయి బువ్వ తినుమంటుంది బిడ్డా."

"ఇప్పుడా? గీమె ఉపాసముండంగనా?"

"ఇప్పుడే."

ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టుంది. కాసేపటికి కంచం తీసిన చప్పుడు వినబడింది.