పసుపు కాగితం మీద గురువారం

విల్లో బెండ్‌లో పాదిరి గారి మాటకైనా ఎదురు చెప్పేవాళ్ళుంటారు గానీ, బడి నుంచి వారం వారం వచ్చే పసుపు కాగితానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మధ్యాహ్నం భోజనంలోకి ఏమిటి, కుస్తీ జట్టు ఏ ఊరు వెళుతోంది, బ్యాండు పిల్లల సూప్ విందు ఎప్పుడు, ఎవరి చేతితొడుగు ఆఫీసులో పడి ఉంది, అన్నీ అందులోనే. ప్రతి గురువారం పిల్లల సంచుల్లో ఇంటికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని, రాబోయే వారమంతా ఆ ఇంటిని ఏలుతుంది. దాన్ని రాసేది బడి ఆఫీసులో పనిచేసే డార్లా ష్రోడర్. ఇరవై రెండేళ్ళుగా రాస్తోంది.

రాస్తోంది అంటే, నిజం చెప్పుకోవాలి, నిరుడు ఇదే వారానికి రాసినది తీసి మార్చాల్సినవి మారుస్తోంది. చిన్న ఊరి బడి ఏటా ఒకేలా నడుస్తుంది కదా, ఉన్న వాక్యాన్ని మళ్ళీ కొత్తగా పుట్టించడమెందుకని ఆమె వాదన. ఈ జనవరిలో ఆ వాదన ఆమె మెడకే చుట్టుకుంది. తల్లిదండ్రులు టీచర్లను కలిసే రోజున పిల్లల్ని ఒంటిగంటకే ఇళ్ళకు పంపేస్తారు. నిరుడు అది గురువారం, ఈ ఏడు బుధవారం. డార్లా అన్నీ మార్చి, ఆ ఒక్క గురువారాన్ని ఉన్నచోటే వదిలేసింది.

తప్పు పట్టుకున్నది వంటావిడ, శుక్రవారం పొద్దున. అప్పటికి కాగితం ఊరంతా చేరిపోయింది. డార్లా గబగబా అందరి ఫోన్లకూ సందేశం పంపింది. సెల్‌ఫోన్ లేని ఇళ్ళు మూడే మూడు, వాటికి ఇంటి ఫోన్ చేయాలి. ఇద్దరు ఎత్తారు. మూడోది ముసలాయన ఎమిల్ కుడర్నాది, మోగి మోగి ఆగిపోయింది. అంతలో ముక్కు నుంచి నెత్తురు కారుతున్న ఒకటో తరగతి పిల్లాణ్ణి ఎవరో లోపలికి తెచ్చారు. మళ్ళీ చేద్దాంలే అనుకుంటూ డార్లా జాబితాలో ఎమిల్ పేరు పక్కన కూడా టిక్కు పెట్టేసింది. టిక్కు పడ్డాక ఆ పేరు మళ్ళీ ఎవరికి గుర్తొస్తుంది?

బుధవారం ఒంటిగంటా ఇరవై నిమిషాలు. బస్సులు వెళ్ళిపోయాయి. డార్లా వచ్చే తల్లిదండ్రుల కోసం బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతోంది. కిండర్‌గార్టెన్ టీచరమ్మ తలుపులోంచి తొంగి చూసి, విల్లా వాళ్ళ తాతయ్య రెండింటికి వస్తున్నారా అని అడిగింది. విల్లా అంటే ఎమిల్ మనవరాలు, ఐదేళ్ళ పిల్ల. తల్లి సైన్యంలో నర్సు, మార్చి దాకా రాదు. ఆ ఇంట్లో ఉండేది తాతా మనవరాలే.

డార్లా చేతిలో బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది. శుక్రవారం అవతలివైపు మోగిన ఆ ఫోన్ ఇప్పుడు చెవిలో మోగుతోంది. నంబరు నొక్కింది. ఎవరూ ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు, బుధవారం మధ్యాహ్నం ఎమిల్ పశువుల వేలానికి వెళతాడని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. వైర్‌లెస్ అందుకుని బస్సు నడిపే గస్‌ను పిలిచింది.

"విల్లాను దింపేశావా గస్?"

"ఇప్పుడే, పావుగంట కూడా కాలేదు. వరండా దీపం వెలుగుతోంది. మెట్లెక్కేదాకా చూసే వచ్చాను. ఏం?"

ఈ ప్రాంతంలో బస్సుకి ఒక కట్టుబాటు ఉంది. చలికాలంలో వరండా దీపం వెలుగుతుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు, లేకపోతే పిల్లను దింపకూడదు. గస్ తప్పేమీ లేదు. తను వేలం నుంచి వచ్చేటప్పటికి ఎక్కడ బస్సు వచ్చేస్తుందోనని ఎమిల్ పొద్దున్నే దీపం వేసి మరీ వెళతాడు. మూడున్నర బస్సుకి ముందే ఇల్లు చేరతాడు, ఇంతవరకూ ఒక్క రోజు తప్పలేదు. ఇవాళ మాత్రం బస్సు ఒంటిగంటకే వెళ్ళింది.

గస్ బస్సులో ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు, వెనక్కి తిరగాలంటే ముప్పావుగంట. బడి సూపరింటెండెంట్ ఓల్మ్‌స్టెడ్ పోలీసులకి ఫోన్ చేస్తే, ఉన్న ఒక్క బండీ జిల్లా అవతలి చివర గుంటలో పడ్డ లారీ దగ్గర ఉందట. ఎమిల్ వాళ్ళింటికి మీరు ఫోన్ చేశారు కదా డార్లా గారూ, జాబితాలో టిక్కు ఉంది కదా అని ఆయన అడిగాడు. డార్లా కారు తాళాలు తీసుకుని బయటపడింది.

బయట చలి ఫారెన్‌హీట్ లెక్కలో సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. ఎమిల్ ఇల్లు తొమ్మిది మైళ్ళు. ఇక్కడి పల్లెల్లో ఎవరూ తలుపుకి తాళం వెయ్యరు, ఎమిల్ తప్ప. అతని భార్యకి మతిమరుపు జబ్బు ముదిరి రాత్రుళ్ళు మంచులోకి నడిచిపోయేది. అప్పుడు వేయడం మొదలుపెట్టిన తాళం, ఆవిడ పోయి రెండేళ్ళయినా అలవాటుగా వేస్తూనే ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన డార్లాకి దారిలో ప్రతి మైలూ ఒక ఊరంత పొడవు అనిపించింది. ఐదేళ్ళ పిల్ల ఆ చలికి ఎంతసేపు ఆగుతుంది? పదిహేను నిమిషాలా, ఇరవయ్యా? లెక్క వేయబోయి, భయమేసి మానేసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని అక్షరాలు కొట్టింది, ఈ ఒక్క మాట చూసుకోడానికి కళ్ళేం పోయాయని తనని తానే తిట్టుకుంది.

వరండాలో దీపం వెలుగుతోంది. మెట్ల మీద సంచీ ఉంది, పిల్ల లేదు. తలుపుకి తాళం. డార్లా పిలిచింది, పలుకు లేదు. అప్పుడు కనిపించాయి, మంచులో చిన్న చిన్న అడుగులు, పెరటి కొట్టం వైపు. మోకాళ్ళ దాకా దిగబడుతూ పరిగెత్తింది.

దూడల మధ్య గడ్డిలో విల్లా ముడుచుకుని కూర్చుని ఉంది. ఒక చేతికి తొడుగు లేదు, ఆ చేతిని దూడ మెడ కింద దాచుకుంది. పెదవులు పాలిపోయాయి గానీ మాట స్పష్టంగానే ఉంది.

"చలేస్తే పశువుల దగ్గరికెళ్ళమని తాతయ్య చెప్పాడు. నేను ఏడవలేదు."

ఏడ్చింది డార్లా. పిల్లను కోటులో చుట్టి కారులో వేడి పెట్టి కూర్చోబెట్టింది. గస్‌కీ ఓల్మ్‌స్టెడ్‌కీ పిల్ల దొరికిందని కబురు చెప్పింది, మిగతాది చెప్పలేదు. చిట్టి వేళ్ళని అరచేతుల్లో పెట్టుకుని అవి ఎర్రబడేదాకా వదల్లేదు. అంతలో ఎమిల్ ట్రక్కు వచ్చి ఆగింది.

ఎమిల్ కారులో మనవరాల్ని చూశాడు, సంచీని చూశాడు. ఎవరి మీదా అరవలేదు. తాళం తీసి విల్లాను లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసి డార్లా వైపు తిరిగాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇవాళేనా? రేపు కదూ?"

డార్లా ఇవాళేనని తల ఊపింది.

"నేనే తప్పు చదివానన్నమాట. మా ఆవిడక్కూడా ముందు ఇలాగే వారాలు తారుమారయ్యేవమ్మా. తర్వాతే మనుషులు." టోపీ తీసి రెండు చేతులతో నలిపాడు. "డార్లా, నిన్నొకటి అడుగుతా. ఓల్మ్‌స్టెడ్‌కి చెప్పకు. నేను మర్చిపోతున్నానని తెలిస్తే పిల్లని నా దగ్గర ఉండనివ్వరు. మార్చి దాకా ఓపిక పట్టు తల్లీ."

నిజం చెప్పాలి, డార్లా ఒక్క క్షణం ఆలోచించింది. జాబితాలో టిక్కు ఉంది. అది అబద్ధమని తెలిసినది తనొక్కదానికే. అడిగినవాడే తప్పు తనదంటున్నాడు, ఎవరికీ చెప్పొద్దంటున్నాడు. ఊ అంటే సరిపోతుంది. ఉద్యోగమూ ఉంటుంది, పేరూ ఉంటుంది. ఈ ముసలాయన మాత్రం రేపటి నుంచి నిద్ర లేచినప్పుడల్లా ఇవాళ ఏ వారమో అని తన బుర్రని తానే తడుముకుంటాడు.

ఆమె లోపలికి నడిచి ఫ్రిజ్ ముందు నిలబడింది. పసుపు కాగితం అక్కడే ఉంది, ఒంటిగంట అన్నచోట చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీసి.

"చదవండి ఎమిల్ గారూ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వేలుపెట్టి చదివాడు. "గురువారం."

"తప్పు రాసింది నేను. శుక్రవారమే తెలిసింది. మీకు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. మళ్ళీ చేయకుండానే చెప్పేసినట్టు టిక్కు పెట్టుకున్నాను. విల్లాని చలిలో నిలబెట్టింది నేను. ఓల్మ్‌స్టెడ్‌కి ఇప్పుడు మీ ఫోన్లోంచే చెబుతాను."

తిడతాడని నిలబడింది. తిడితే బాగుండుననుకుంది. ఎమిల్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మళ్ళీ చదివాడు, మూడోసారి చదివాడు. భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో తెలియలేదు.

"గురువారమనే ఉంది," అన్నాడు. "నేను సరిగ్గానే చదివాను."

డార్లా ఫోన్ తీసి ఓల్మ్‌స్టెడ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన రేపు పొద్దున ఏడింటికి రండి, మాట్లాడాలి అని మాత్రం అన్నాడు. వెళ్ళేముందు ఆ తప్పుడు కాగితం తీసుకుపోదామని చెయ్యి చాపింది, ఇంకెవరి కంటా పడకుండా.

ఎమిల్ ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.