సరళకుమారి నీడ పోని చెట్టు

“దీపావళిలోగా సొసైటీలో ప్రతి చెట్టుకూ బోర్డు పెట్టిస్తాం. చెట్టు పేరు, పండు తినొచ్చో లేదో, అన్నీ రాయిస్తాం.”

ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని తమ సొసైటీ సెక్రటరీ నాగభూషణం మైకులో ఈ మాటన్నప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నథానియేలే. దీపావళి వెళ్ళిపోయింది. ఒక్క బోర్డైనా రాలేదు.

ఇప్పటికీ నథానియేలు వాళ్ళమ్మ సరళకుమారి నీడతోనే ఆ పని నడుస్తోంది. తినకూడని పండ్ల చెట్టయితే ఆవిడ నీడ కొమ్మల అంచు దాటి లోపలికి పోదు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి పరుగెడుతుంటే ఎవరో ఒకరు, “దీదీ, ఏక్ మినిట్” అని ఏదో చెట్టు ముందు నిలబెట్టి, నీడ చూసుకుని, చక్కా పోతుంటారు.

ఆ నవంబరు ఆదివారం తల్లీకొడుకులు చర్చికి బయల్దేరేసరికి పొగమంచు కమ్మేసి ఉంది. గేటు పక్కన, కొత్తగా దిగిన బాపట్ల జాన్‌బాబు పసుపుపచ్చటి పండ్లు ఏరుతున్నాడు.

“ఆంటీ, వేపపళ్ళు! చిన్నప్పుడు ఎన్ని చీకామో!”

“నవంబర్లో వేపపళ్ళేంటన్నా?” అన్నాడు నథానియేలు.

“ఢిల్లీలో ఏది టైముకొచ్చి ఏడ్చింది తమ్ముడూ?”

జాన్‌బాబు కూతురు, నాలుగేళ్ళ ఫెయిత్, తండ్రి ప్యాంటు లాగింది. “పాపా, ముఝే భీ!”

తనకూ కావాలనేసరికి అతను ఒక పండు ఇచ్చేశాడు. సరళకుమారి గబగబా చెట్టు ముందుకొచ్చింది. ఎండ లేదు. ఎవరికీ నీడ లేదు.

“ఫోన్ లైటు వెయ్యరా!”

నథానియేలు వెనక నుంచి వేశాడు. జాన్‌బాబు నీడ చెట్టు మొదలు దాకా పాకింది. పక్కనే ఫెయిత్ బుల్లి నీడ. అమ్మ నీడ మాత్రం కొమ్మల అంచునే ఆగిపోయింది.

ఆ నీడ సంగతి జాన్‌బాబు అప్పటికే విన్నాడు. పిల్ల బుగ్గలు నొక్కి, నోట్లో వేలు పెట్టి పండు లాగేశాడు. ఇంకా కొరకలేదు.

నథానియేలు ఆ పండు చూశాడు. వేపపండులా కోలగా లేదు, గోలీలా గుండ్రంగా ఉంది.

“బకాయన్, మన తురకవేప,” అంది సరళకుమారి, ఫెయిత్‌ని ఎత్తుకుని. “ఇది తిన్న పిల్లల్ని మా వార్డుకి తెస్తారు.”

వాకింగ్ ముగించి వస్తున్న నాగభూషణాన్ని నథానియేలు అక్కడే నిలదీశాడు.

“మీ అమ్మగారుండగా బోర్డులెందుకు బాబూ?” అని నవ్వాడాయన.

“మా అమ్మ నీడ మీ సొసైటీ ఉద్యోగి కాదు అంకుల్. మంచు పడితే నీడుండదు, పిల్లలుంటారు. బోర్డులు పెడతామని రాసివ్వండి. నవంబరు ముప్పైలోగా.”