గడప ముందు జపాను

లాక్‌డౌన్‌లో కమలాకుమారికి దొరికిన ఒకే ఒక్క ఆస్తి సాయంత్రం ఐదు నుంచి ఆరు. ఆ గంట హైదరాబాదు నుంచి శ్రీప్రియ అనే టీచరు ఫోనులో, వీడియో కాల్ మీద జపనీస్ చెబుతుంది. ఆ గంట గుజరాత్‌లో, అడాజన్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో ఎవరికి టీ కావాలన్నా ఎవరికి వారే పెట్టుకోవాలి. ఆదివారం అక్షరాల పరీక్ష. తప్పితే క్లాసులోంచి తీసేస్తారు. గంట మళ్లీ వంటింటి పాలవుతుంది.

పలకడం కష్టం కాలేదు. అ, ఇ, ఉ, ఎ, ఒ. అన్నీ మనవే, దీర్ఘం ఉన్నచోట సాగదీస్తే సరి. పేచీ అంతా రాతతోనే. ఏ గీత ముందో ఏది తరవాతో వరస తప్పకూడదట. పెన్ను పట్టుకుంటే ప్రతి అక్షరమూ చిక్కుపడిన దారంలా తయారయ్యేది.

"ఈ వయసులో నీకెందుకు కమలా ఈ తంటా?" అన్నాడు భర్త చలపతి, టీ సగం గ్లాసులోకీ సగం గట్టు మీదికీ వడకడుతూ.

మర్నాడు పొద్దున ముగ్గు వేయబోయి ఆగింది. అడ్డగీత, నిలువుగీత, చుట్టూ ఒక మెలిక. బియ్యప్పిండిలో 'అ' చక్కగా కూర్చుంది! పక్కన మిగతా నాలుగూ వేసేసింది.

ఎదురింటి హంసాబెన్ మాస్కు సర్దుకుని వంగి చూసింది. "ఆ శూం ఛే, ఏమిటిది కమలాబెన్? కరోనా రాకుండా యంత్రమా?"

"కాదు బెన్, జపాను అక్షరాలు."

"జపాన్‌దా? అయితే గట్టి సరుకే! మా గడపకీ వేసెయ్!"

నిజం చెప్పాక కూడా నమ్మితే పాపం తనది కాదనుకుని కమలాకుమారి పిండిగిన్నె అందుకుంది. వారం తిరక్కుండా బిల్డింగంతా పాకింది. తనకు రాని అక్షరాలన్నీ ఇరుగుపొరుగుకు పంచిపెట్టి, వాళ్ల గడపల మీదే దిద్దుకుంది. పై అంతస్తు ఆవిడ తగువుకు కూడా వచ్చింది, "కిందవాళ్లకి చివర్లో చుట్టు ఉంది, మాకెందుకు లేదు?" అని. వెళ్లి చూస్తే నిజమే, 'ను' తోక మరిచిపోయింది.

ఆదివారం శ్రీప్రియ మొదట అడిగిందే 'ను'. పెన్ను కదిలితే ఒట్టు.

"టీచరుగారూ, నేల మీద రాయొచ్చా?"

ఫోను కిందికి వంచి పిండి జార్చింది. తోకతో సహా పడింది 'ను'. తరవాత అడిగినవన్నీ హాల్లో బారులు తీరాయి. చలపతి సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్క గీత కూడా వరస తప్పలేదండీ," అంది శ్రీప్రియ తేరుకుని. "పాసయ్యారు. ఇవే శబ్దాలకు ఇంకో రకం అక్షరాలున్నాయి. రేపట్నుంచి అవి. క్లాసు గంటన్నర."

కమలాకుమారి ఫోను పెట్టేసి, ముఖం వీలైనంత దిగులుగా చేసుకుని భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఇక ఆరున్నర దాకానట. ఏం చేస్తాం, తప్పదు కదా!"