ఉప్పు వెయ్యని రంగు

పిన్ని కలిపిన రంగులో కాకి మునిగితే చిలకై లేస్తుందని ఆ వీధిలో చెప్పుకొనేవారు. చిలకైన కాకిని చూసినవాళ్లు లేరు గాని, వెలిసిన దుప్పట్లూ ముతక చొక్కాలూ ఆవిడ గంగాళంలో ఉడికి, పెళ్లికూతుళ్లలా బయటికి రావడం అందరూ చూసిందే.

ఒక్క దుప్పటి జోలికి మాత్రం పిన్ని రంగు పట్టుకుని పోలేదు. పోయిన మొగుడి చొక్కాలు కోసి, ముక్కలు అతికి, పసుపు నైలాను దారంతో కుట్టుకున్నదది. ఏ గళ్ల చొక్కా తొడుక్కుని ఆయన ఏ అబద్ధమాడాడో కూడా చెప్పగలదు. ఆ దుప్పటి కాస్తా డాబా మీద దండెం నుంచి మాయమైంది.

"గాలికి పోయిందేమో పిన్నిగారూ," అంది పైవాటా ఆవిడ.

"ఏం గాలమ్మా అది! పక్కనున్న చేతిరుమాలు కదల్లేదు గాని, దుప్పటిని క్లిప్పులు తీసి మరీ ఎత్తుకుపోయింది."

కొన్నాళ్లకు పైవాటా ఆవిడ అదే దండెం మీద ముదురెరుపు దుప్పటి ఒకటి ఆరేసింది. పిన్ని దగ్గరికెళ్లి చూసింది. గుడ్డంతా ఎరుపు తాగింది గాని, కుట్లు మాత్రం పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. నైలాను దారానికి ఆ రంగు పట్టదు. తన కుట్లే, తన వంకరలే.

"ఇది నాది," అంది పిన్ని.

"మీదా? మీది గళ్లదిగా! పాపం, పిన్నిగారికి కనపడ్డ గుడ్డల్లా తనదే అనిపిస్తోంది," అంటూ పైవాటా ఆవిడ నవ్వింది. బట్టలారేస్తున్న ఆడవాళ్లూ నవ్వారు.

ఆ నవ్వు కారప్పొడిలా పిన్ని కళ్లలో పడింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరవబోతూనే, అలవాటు కొద్దీ బొటనవేలు తడిపి దుప్పటి అంచు రుద్దింది. వేలు ఎర్రబడింది. నీళ్లు మరగలేదు, గుప్పెడు ఉప్పు పడలేదు, జాడించనైనా లేదు. దొంగ తొందర రంగుకు పనికిరాదు. ఈ ఎరుపు గుడ్డకు పట్టలేదు. తడి ఎవరిది తగిలితే వాళ్లతో లేచిపోవడానికి మూటాముల్లే సర్దుకుని కూర్చుంది.

పిన్ని వేలు పిడికిట్లో దాచేసింది.

"నిజమేనమ్మా, నా కళ్లకేం తెలుసు! అబ్బ, ఎంత నిగారింపు! నా చేతికి కూడా ఇంత రంగు రాలేదు. ఇలాంటిది మీ ఇంటికి పెద్దవాళ్లెవరైనా వస్తే పరవాలి గాని, మడిచి పెడితే పాపం."

పైవాటా ఆవిడ బుడగలా ఉబ్బిపోయింది. "మా ఆయన అక్క వస్తోంది పిన్నిగారూ. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి. దీన్నే పరుస్తాను!"

కిందికొచ్చి సంగతి చెప్పగానే పిన్ని తమ్ముడు తల పట్టుకున్నాడు. "నీ దుప్పటి లాక్కోక, పొగిడొచ్చావా అక్కా?"

"లాక్కుంటే దుప్పటే వస్తుందిరా. అది నాదని ఆ పైవాటాది తన నోటితోనే అనాలి, నలుగురి ముందూ."

"రంగు దిగుతుందని చెప్పొచ్చుగా?"

"అడిగిందా?"

ఆడబిడ్డ వచ్చింది. తలంటుకుని, జుట్టైనా ఆరకుండానే మధ్యాహ్నం ఆ పక్కమీద వాలింది. కరెంటు పోయింది. చెమట కాలవలు కట్టింది. ఆవిడ లేచేసరికి ఒక చెంప, ఒక చెవి, సగం నెరిసిన జుట్టు ఎర్రెర్రగా ఉన్నాయి. దుప్పటి మీద ఆవిడంత వెలిసిన మనిషి అచ్చు మిగిలిపోయిందట. కాళ్ల దగ్గర పడుకున్న పిల్లి రంగు చూసి, ఎలుకలు చాన్నాళ్లు దానికి భయపడలేదని కూడా చెప్తారు.

"మరదలా! ఇంటికొచ్చిన మనిషికి ఇదా నువ్వు చేసే మర్యాద?"

ఆ కేకకు వాటాలన్నీ మెట్ల దగ్గర చేరాయి. పిన్ని అందరికన్నా ముందుంది.

"అయ్యయ్యో! ఆవిడ చేతులారా రంగేసుకున్న సొంత దుప్పటి కదమ్మా!" అంది నొచ్చుకుంటూ.

పైవాటా ఆవిడ మొహం దుప్పటికన్నా ఎర్రబడింది. "నాది కాదు వదినా! ఈ పిన్నిగారిదే! వాళ్లాయన చొక్కా ముక్కలే ఇవన్నీ!" అంటూ దుప్పటి ఉండచుట్టి మెట్ల మీంచి విసిరికొట్టింది.

"నాదేనా?" అంది పిన్ని మెల్లిగా.

"మీదే! ముమ్మాటికీ మీదే!"

ఎర్రచెంప ఆడబిడ్డ మరదలివైపు తిరిగింది. "ఈవిడ దుప్పటి నీ మంచమెలా ఎక్కిందే?"

పైవాటా ఆవిడ పమిట కొంగుతో వదిన చెంప తుడవబోయింది.

పిన్ని దుప్పటి చంకన పెట్టుకుని లోపలికొచ్చి, గంగాళం నిండా చన్నీళ్లు పట్టి ముంచింది. ఎర్రనీళ్లు పారబోయడం, మళ్లీ పట్టడం. సాయంత్రానికి గళ్లూ చారలూ పైకి తేలాయి గాని, తెలుపున్న చోటల్లా గులాబీ మిగిలిపోయింది. అదిక పోదు. పిన్ని పళ్లు కొరికింది.

పైన ఆడబిడ్డ ఇంకా అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో గిన్నెలెవరివో, గ్లాసులెవరివో కూడా అడుగుతోంది. పిన్ని కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, తీరిగ్గా దుప్పటి పిండటం మొదలుపెట్టింది.